ఏ డ్రైవ్? ఈ డ్రైవ్!

సింగపూర్‌లోని బూన్ లే పేటలో తెలుగు పిల్లలు అల్లరి చేస్తే తల్లులు పోలీసులను పిలుస్తామని బెదిరించరు. "ఉండు, ప్రసన్నలక్ష్మి ఆంటీతో చెప్తాను" అంటారు. అంతే, పిల్లలు గప్‌చుప్. పాలకొల్లులో పుట్టి, పెళ్లయ్యాక సింగపూర్ వచ్చి స్థిరపడిన ప్రసన్నలక్ష్మికి యాభై మూడేళ్లు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బ్లాకు అడుగున ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్ దాకా వినిపిస్తుంది. శనివారం సాయంత్రాలు తన ఫ్లాట్‌లో చాప పరిచి చుట్టుపక్కల బ్లాకుల పిల్లలకు శ్లోకాలూ పద్యాలూ నేర్పుతుంది. పైసా పుచ్చుకోదు. అందుకని ఆవిడ ఎంత తిట్టినా ఎవరూ కిక్కురుమనరు.

ఆవిడకు అసలు పేరు తెచ్చిపెట్టింది మాత్రం శ్లోకాలు కాదు, ఒక ఉపన్యాసం. "గేముల మాయలో మన పిల్లలు" అని ఒక ఉగాది సభలో మొదలుపెట్టింది. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకున్న పాపానికి ఏటా విన్నారు. ఆ ఉపన్యాసం విన్న తల్లులు వేడి చల్లారకముందే ఇంటికి వెళ్లి పిల్లల చేతుల్లోంచి గేము యంత్రాలు లాక్కునేవారు. ఇంట్లో ఉంటే మళ్లీ తీస్తారని, పరీక్షలయ్యేదాకా మీ దగ్గర దాచండని ఆవిడకే తెచ్చి ఇచ్చేవారు. అలా ప్రసన్నలక్ష్మి బీరువాలో పట్టుచీరల కింద సగం బూన్ లే పిల్లల ఏడుపు భద్రంగా ఉండేది.

అంతటి మనిషి ఎలా జారిపడిందంటే, దుమ్ము తుడవబోయి జారిపడింది. కొడుకు శ్రీనాథ్ సైన్యానికి వెళ్లాడు. ఈ దేశంలో మగపిల్లలు ఆ వయసులో రెండేళ్లు సైన్యంలో ఉండి రావలసిందే. వాడి క్యాంపు క్రాంజీ వైపు. వాడు వెళ్లిన వారానికి వాడి గదిలో కంప్యూటర్ తుడుస్తూ ఎక్కడో చెయ్యి తగిలించింది. తెర వెలిగింది. తెర మీద ఒక కోట. కోట తలుపు బార్లా తెరిచి ఉంది. దూరం నుంచి కోరల రాక్షసులు గుంపుగా వస్తున్నారు. "అయ్యో, ఎవరైనా ఆ తలుపు వెయ్యండ్రా" అంది ప్రసన్నలక్ష్మి ఖాళీ గదిలో. ఎవరూ వెయ్యలేదు. ఆవిడే వేసింది.

తలుపు వేసినావిడ గోడెక్కి చూడకుండా ఉంటుందా? చూసినావిడ బాణం వెయ్యకుండా ఉంటుందా? ఆ మధ్యాహ్నం వంకాయ కూర మాడింది. శత్రువు సంగతి తెలియకుండా ఉపన్యాసం ఎలా చెప్తామని ఆవిడ తనకు తానే సర్దిచెప్పుకుంది. నెల తిరిగేసరికి పాత కోట కూల్చి కొత్తది కట్టింది. చుట్టూ అగడ్త తవ్వింది, లోపల ధాన్యం కొట్టు పెట్టింది. కోటను కాచే మనిషికి ఒక పేరు పెట్టమని గేము అడిగితే, కాసేపు ఆలోచించి 'సూరమ్మ' అని పెట్టింది. సూరమ్మ ఆవిడ అత్తగారు. పోయి నాలుగేళ్లయింది. ఆవిడ బతికున్న రోజుల్లో పాలవాడి దగ్గర నుంచి పెళ్లిళ్ల పేరయ్య దాకా జంకనివాళ్లు లేరు. ఆ పేరు వింటే రాక్షసులు కూడా కాస్త వెనకాడతారని కోడలి నమ్మకం.

ఈ రహస్యం శ్రీనాథ్‌కు ఒక్కడికే తెలుసు. ఒక వారాంతం ఇంటికొచ్చి తన కంప్యూటర్లో తన నాయనమ్మ కత్తి పట్టుకుని నిలబడి ఉండటం చూసి నేల మీద దొర్లి నవ్వాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, అందుకు ప్రతి శనివారం బొబ్బట్లు వసూలు చేస్తున్నాడు. గేము బొమ్మ మీద పేరు మార్చి 'శ్లోకాలు' అని రాసిపెట్టింది కూడా వాడే. ఆ పేరున్నదాన్ని సాంబమూర్తి ఈ జన్మలో తెరవడని తల్లీకొడుకుల ధీమా.

సాంబమూర్తి ప్రసన్నలక్ష్మి భర్త. షిప్‌యార్డులో ప్లానింగ్ పని. మంచివాడు, మితభాషి. ఒకే ఒక్క జబ్బు ఉంది. వీడియోలు తీస్తాడు. సింగపూర్‌లో తెలుగువాళ్లు ఎక్కడ నలుగురు కలిసినా ఐదోవాడుగా కెమెరా పట్టుకుని నిలబడతాడు. పదిహేడేళ్ల ఉగాదులు, సీమంతాలు, వనభోజనాలు, నడుమ నడుమ తను కిరీటం పెట్టుకుని పాడిన పౌరాణిక పద్యాలు, అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. భోజనానికి ఎవరొచ్చినా పెరుగన్నం కాగానే లైట్లు ఆర్పేస్తాడు. వచ్చినవాళ్లు "ఆఖరి ట్రైన్ వెళ్లిపోతుందండీ" అని లేవబోతే, "దానికింకా బోలెడు టైముంది" అని కూర్చోబెడతాడు. ఆ వీడియోలు కంప్యూటర్లో ఎక్కడ దాస్తాడో ప్రసన్నలక్ష్మి ఎన్నడూ అడగలేదు. అడిగితే తెరిచి చూపిస్తాడని భయం.

ఒక మంగళవారం కంప్యూటర్ మొరాయించింది. గేములోకి కొత్త రకం రాక్షసులు వచ్చారట, వాళ్లకు చోటు చాలదట. సాంబమూర్తి షిప్‌యార్డు నుంచి అటే గోంగూర కోసం లిటిల్ ఇండియాకు వెళ్లాడు. ఇదే సందని ప్రసన్నలక్ష్మి కొడుక్కి వీడియో కాల్ చేసింది.

"మకాన్ అయిందా అమ్మా?" అన్నాడు వాడు. భోజనం అయిందా అని అడగడానికి వాడికి తెలుగు మాట ఎప్పుడూ గుర్తురాదు.

"నా తిండికేం గానీ, కోటకి చోటు చాలట్లేదంటందిరా. ఏం చెయ్యను?"

"సీ డ్రైవ్ ఫుల్ అయిపోయిందమ్మా. గేమ్ వేరే డ్రైవ్‌కి మార్చాలి."

"ఏ డ్రైవ్?"

"ఏ డ్రైవ్ లేదమ్మా."

"లేకపోతే ఎక్కడికి మార్చమంటావురా? ఏ డ్రైవో చెప్పు."

"అదే చెప్తున్నాను. ఏ ఉండదు, బీ ఉండదు. కంప్యూటర్లో సీ నుంచే స్టార్ట్."

"సీతో మొదలవడమేంట్రా? ముందున్న రెండూ ఎవరు మింగేశారు?"

"లాంగ్ స్టోరీ లా" అన్నాడు సింగపూర్ యాసలో. "నేను మొన్న కొత్త డ్రైవ్ పెట్టాను కదా, ఫాస్ట్‌ది. ఈ డ్రైవ్‌లో వెయ్యి."

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రసన్నలక్ష్మి ఫోనును కంప్యూటర్ తెర వైపు పట్టుకున్నాననే అనుకుంది. నిజానికి అది పైకప్పు వైపు ఉంది. వాడికి కనిపిస్తున్నవి ఫ్యానూ, అమ్మ నుదుటి బొట్టూ. తెర మీద మూడు బూడిదరంగు డబ్బాల బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన చీమ తలకాయంత అక్షరాలు. కళ్లజోడు వంటింట్లో ఉంది. ఆవిడ నడిమి డబ్బా మీద వేలు పెట్టింది.

"ఇదేనా?"

"ఏది?"

"ఈ డ్రైవేనా?"

"ఆ, ఈ డ్రైవే! ఫ్రెండ్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, వాడి చెత్త ఏదో ఉంటుంది. ఫార్మాట్ కొట్టేసి గేమ్ వెయ్యి. ఓకేనా, ఫాల్ ఇన్‌కి పిలుస్తున్నారు, లైన్లో నిలబడాలి, బై."

తల్లి 'ఈ' అన్నది వేలు పెట్టి. కొడుకు 'ఈ' అన్నది ఇంగ్లీషు బడిలో నేర్చిన అక్షరాన్ని పట్టుకుని. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఒకరికొకరు బాగా అర్థమయ్యామనుకున్నారు. ప్రసన్నలక్ష్మి ఫార్మాట్ నొక్కింది. ఇందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, సరేనా అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. ఆవిడ సరే అంది. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. పదిహేడేళ్ల ఉగాదులు పోయాయి.

ఆ ఖాళీలోకి కోటను తరలించి, సూరమ్మను గోడ మీద నిలబెట్టి, ఆవిడ ఉత్సాహంగా ఆట మొదలెట్టింది. ఫాస్ట్ అన్నాడు గానీ నత్త నడక. కోట తలుపు మూయమని మీట నొక్కితే, అది కదిలేలోపు రాక్షసులు లోపలికొచ్చి, ధాన్యం తిని, తేన్చి వెళ్లారు. ఆవిడకు ఒళ్లు మండి మళ్లీ ఫోన్ చేసింది.

"నీ కొత్త డ్రైవ్ ఇలా ఏడ్చిందేంట్రా? ఎవడో నిన్ను మోసం చేశాడు!"

"అలా ఎలా అవుతుంది? దాని పక్కన ఏం అక్షరం ఉందో చదువు."

కళ్లజోడు తెచ్చుకుని చదివింది. "డీ."

వాడు చిన్న గొంతుతో, "అమ్మా, నేను ఈ అన్నాను" అన్నాడు.

"నేనూ ఈ అనే అన్నానురా!"

"ఈ ఫర్ ఎలిఫెంట్ అమ్మా! డీ డ్రైవ్ నాన్నది. నాన్న వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి."

శ్రీనాథ్ చెప్పింది ఒక్కటే: ఫార్మాట్ చేసినా లోపల జాడలు మిగులుతాయి, రాబట్టే ఉపాయం ఉంది, కానీ దాని మీద ఇంకేమీ పడకూడదు, కాబట్టి ఆ కంప్యూటర్ ముట్టుకోకు, శుక్రవారం క్యాంపు నుంచి బుక్ ఔట్ అయ్యి ఇంటికి వచ్చాక చూస్తాను. ఆవిడ ప్లగ్గు పీకేసి, తెర మీద పాత చీర కప్పింది.

సాయంత్రం సాంబమూర్తి గోంగూర కట్టలతో పాటు ఒక కబురు తెచ్చాడు. లిటిల్ ఇండియాలో జగన్మోహనరావు కనిపించాడట. ఆయన తెలుగు సంఘం పెద్దల్లో ఒకడు. ఆదివారం మధ్యాహ్నం ఆయన కుటుంబాన్నీ, ఇంకో రెండు కుటుంబాలనూ మనింటికి భోజనానికి పిలిచానన్నాడు. "పాత వీడియోలన్నీ వరసగా వేస్తానని చెప్పాను. ఆయన మొహం ఎలా అయిపోయిందో!" అన్నాడు సంతోషంగా. ఎలా అయిపోయిందో ప్రసన్నలక్ష్మికి తెలుసు. కానీ ఆ రోజు నవ్వు రాలేదు.

"కంప్యూటర్ పాడైందండి. పిల్లాడు వచ్చి చూస్తానన్నాడు" అంది.

సాంబమూర్తి చేతిలో గోంగూర కట్ట అలాగే ఉండిపోయింది. "పాడైందా? మొత్తమా?"

"ఏమోనండి."

ఆ మూడు రోజులూ ఆయన మనిషి మనిషిలా లేడు. అన్నంలో పప్పు కలుపుకోవడం మరిచిపోయాడు. చీర కప్పిన కంప్యూటర్ ముందు నిలబడి, ఒకసారి చీర ఎత్తి చూసి, మళ్లీ కప్పాడు. షిప్‌యార్డు నుంచి ఎన్నడూ ఫోన్ చెయ్యనివాడు చేసి, "ఏమైనా తెలిసిందా?" అని అడిగాడు. "వీడియోల సంగతి ఆదివారం చూసుకుందాం లెండి" అని ఆవిడ ఓదార్చబోతే, "వీడియోలదేముంది" అని ఏదో గొణిగాడు. తనను నొప్పించడం ఇష్టం లేక అలా అంటున్నాడనుకుంది ప్రసన్నలక్ష్మి. ఆ మాటకు ఆవిడ మనసు ఇంకా కుంగిపోయింది.

నిజం చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చేది. చెప్తే గేము సంగతీ చెప్పాలి. రేపు ఆయన నోరు జారితే బూన్ లేలో తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? బీరువాలోని గేము యంత్రాల సొంతదారులంతా శనివారం చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తననే చూస్తారు. చెప్పకపోతే మాత్రం ఆయన పదిహేడేళ్ల కష్టం తన రాక్షసుల కింద నలిగిపోయిందన్న సంగతి తనను తిననివ్వదు. ఆయన పద్యాలు వినలేక చెవుల్లో దూది పెట్టుకున్న రోజులున్నాయి. అయినా అవి ఆయన పద్యాలు. వాటిని చెరపడానికి తనెవరు?

శుక్రవారం శ్రీనాథ్ సంచీ దించీ దించకముందే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చీర తీశాడు, ప్లగ్గు పెట్టాడు, ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. తెర మీద ఆకుపచ్చ గీత చీమలా పాకడం మొదలుపెట్టింది. "నాన్న రావడానికి ముందు అయిపోతుందా?" అంది తల్లి. "కెనాట్ లా అమ్మా, రేపటిదాకా పడుతుంది" అన్నాడు. అప్పుడే తలుపు తాళం తిరిగింది. సాంబమూర్తి ఆ రోజు రెండు గంటలు ముందే వచ్చాడు.

బూట్లు విప్పకుండానే గదిలోకొచ్చాడు. చెప్పులైనా గుమ్మం దాటనివ్వని ప్రసన్నలక్ష్మి ఆ సంగతే గమనించలేదు. కొడుకు నోరు తెరవబోతే చేత్తో ఆపింది.

"ఏవండీ, నేను చెప్తాను. ఏమైనా అనాలనిపిస్తే నన్నే అనండి. పిల్లాణ్ణి ఏమీ అనొద్దు. నేను గేము ఆడుతున్నానండి. ఏడాదై ఆడుతున్నాను. శ్లోకాలు అని ఉంటుంది చూశారా, అవి శ్లోకాలు కావు. దానికి చోటు చాలకపోతే మార్చబోయి, వీడు ఈ అంటే నేను ఈ అనుకుని, మీ డ్రైవ్ మొత్తం చెరిపేశానండి. మీ వీడియోలన్నీ పోయాయి. తుడిచేసిన చోటే నా కోట పెట్టాను."

చెప్పేసి గుక్క తిప్పుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టిగా ఒక్క అరుపు అరిచినా బాగుండుననిపించింది.

సాంబమూర్తి అరవలేదు. మంచం అంచున మెల్లగా కూర్చున్నాడు. కొడుకు వంక చూసి, భార్య వంక చూసి, తడబడుతూ అడిగాడు.

"అమ్మ ఉందా?"

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దెబ్బకి మతి చలించిందేమోనని ప్రసన్నలక్ష్మి కంగారుపడింది. "అత్తయ్యగారు పోయి నాలుగేళ్లయింది గదండీ" అంది మెత్తగా.

"అది నాకు తెలియదా?" అన్నాడాయన విసుగ్గా. "కోటలో అమ్మ. గోడ మీద ఉంటుంది కదా, కత్తి పట్టుకుని. ఉందా పోయిందా?"

అప్పుడు చెప్పాడు. కొన్ని నెలల కిందట తల్లి ఆబ్దికం రోజు పొద్దున, ప్రసన్నలక్ష్మి పూలకోసం మార్కెట్‌కి వెళ్లింది. బ్రాహ్మడు వచ్చేలోపు ఏదైనా శ్లోకం చూసి చదువుకుందామని ఆయన కంప్యూటర్ తెరిచాడు. 'శ్లోకాలు' అని కనిపిస్తే నొక్కాడు. తెర మీద ఎదురుగా ఎవరో ముసలావిడ కత్తి ఝళిపిస్తూ నిలబడి ఉంది. తల మీద పేరు సూరమ్మ.

"తిథి నాడు వచ్చిందనుకున్నానే" అన్నాడు. "ఆకలిగా ఉందని రాసుంది పక్కన. ధాన్యం కొట్టులోంచి తీసి పెట్టాను. అప్పట్నుంచి పొద్దున్నే నువ్వు వాకింగ్‌కి వెళ్లగానే ఓసారి చూసి వస్తున్నాను. అమ్మ బతికున్నప్పుడు ఫోన్ చేస్తే 'తర్వాత చేస్తానమ్మా' అనే అన్నాను ప్రతిసారీ."

ప్రసన్నలక్ష్మికి ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. రాత్రి పగిలిన గోడలు పొద్దుటికి బాగై ఉండటం, తను నింపకుండానే కొట్టు నిండి ఉండటం. గేము దానంతటదే చేసుకుంటుందనుకుంది. అత్తగారి పేరును తను వేళాకోళానికి పెట్టింది. ఆ మనిషికి ఈయన నెలల తరబడి పొద్దున్నే అన్నం పెట్టి, గోడ కట్టి షిప్‌యార్డుకు వెళ్లాడు. ఆవిడకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడూ ఒకేసారి వస్తే ఏది ముందు కానివ్వాలో తెలియక కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఉందండీ. అత్తయ్యగారికేం కాలేదు" అంది కొంగులోంచి.

"అదీ" అన్నాడు సాంబమూర్తి. అప్పుడు బూట్లు విప్పాడు.

మర్నాటికి వీడియోలు చాలావరకు తిరిగొచ్చాయి. పేర్లు మాత్రం ఊడిపోయి, ఏది సీమంతమో ఏది వనభోజనమో తెలియని అంకెలుగా మిగిలాయి. కోట కూర్చున్న చోట ఉన్నవి మాత్రం రాలేదు. ఏవి పోయాయా అని శ్రీనాథ్ వెతికితే, అవి ప్రసన్నలక్ష్మి ఉపన్యాసాలని తేలింది. "గేముల మాయలో మన పిల్లలు" ఒక్క ఏడాదిది కూడా మిగల్లేదు. వాటి చోట సూరమ్మ కత్తి పట్టుకుని కాపలా కాస్తోంది. "పోతే పోయాయి, అందరికీ కంఠతా వచ్చు" అన్నాడు సాంబమూర్తి. పెళ్లయ్యాక ఆయన వేసిన హాస్యాల్లో ఆవిడకు నచ్చింది అదొక్కటే.

ఇక కోటను సరైన చోటుకు మార్చే పని పడింది. "ఏ డ్రైవ్‌లోకిరా?" అన్నాడు తండ్రి. శ్రీనాథ్ నోరు విప్పకుండా లేచి, కాగితం ముక్క మీద ఏనుగు బొమ్మ గీసి, తెర మీద కొత్త డ్రైవ్ డబ్బా పక్కన అంటించాడు.

ఆదివారం జగన్మోహనరావు కుటుంబంతో పాటు మిగతా రెండు కుటుంబాలూ వచ్చాయి. గోంగూర పచ్చడితో, పులస లేకపోయినా పులుసుతో భోజనాలయ్యాయి. పెరుగన్నం దగ్గర జగన్మోహనరావు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. "వీడియోలు చెల్లాచెదురయ్యాయండి, ఈసారికి లేవు" అన్నాడు సాంబమూర్తి. జగన్మోహనరావు "అయ్యయ్యో, ఎంత పనైంది" అంటూనే ఇంకో రెండు గరిటెల పెరుగు వేయించుకున్నాడు. ఆ రోజు వాళ్లు సాయంత్రం టీ దాకా కదల్లేదు.

తర్వాతి శనివారం క్లాసు అయ్యాక, కింది అంతస్తులో ఉండే సుమలత ఒక సంచీ పట్టుకుని వచ్చింది. వెనకాల ఎర్రబడ్డ కళ్లతో ఆమె కూతురు. "ఆంటీ, పరీక్షలయ్యేదాకా ఇది మీ బీరువాలో పెట్టండి. చూస్తే పిచ్చెక్కిపోతోంది దీనికి" అని గేము యంత్రాన్ని తీసి చేతిలో పెట్టింది.

ప్రసన్నలక్ష్మి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. అలవాటు ప్రకారం మొహం గంభీరంగా పెట్టింది. తర్వాత లోపలి గది వైపు ఒకసారి చూసి, వంగి, ఆ పిల్ల చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఇందులో ఇద్దరు కలిసి ఆడొచ్చా అమ్మా?"